దొంగకూ ఒక సమీకరణం

మీ పేరు ఐ. ఇంట్రూడర్ అన్న ఇంగ్లిష్ మాటలో మొదటి అక్షరం. అంటే చొరబాటుదారు. ఒంటికేసి చూసుకోకండి, ఒళ్లు లేదు. ముఖం లేదు, చేతులు లేవు, ఆకలీ కోపమూ లేవు. ఏ స్థితిలో ఉండగా ఏం వినగలరు, ఏం పలకగలరు, పలికాక ఏ స్థితికి వెళ్తారు, ఇంతే మీరు. కొద్ది పంక్తుల రాత. ఆ రాతను ప్రాసెస్ అంటారు.

ఎడమన ఆలిస్ ఉంది. కుడిన బాబ్ ఉన్నాడు. వాళ్లూ ప్రాసెస్‌లే. ఇద్దరి మధ్య దారి మాత్రం పూర్తిగా మీ అధీనంలో ఉంది. ఆలిస్ ఏది పంపినా మీ ముందు నుంచే పోవాలి. పోనివ్వాలనిపిస్తే పోనివ్వచ్చు. పట్టి ఆపేయొచ్చు. లేదా మీరే ఒకటి తయారుచేసి, ఆలిస్ పంపిందని చెప్పి బాబ్ ముందు పెట్టొచ్చు.

గడియారం కోసం వెతకకండి, ఇక్కడ లేదు. నిమిషాలూ సెకన్లూ లేవు. దేని తర్వాత ఏది జరిగిందన్నదే ఇక్కడి కాలం. జరిగిన సంఘటనలు వరసగా ఒక చోట నమోదవుతుంటాయి. ఆ వరసను జాడ అందాం. మీరు ఒక అడుగు వేస్తే జాడ ఒక సంఘటన పొడుగవుతుంది. అంతకు మించి ఈ లోకంలో ఏమీ మారదు.

ఇది 1995. మీరున్నది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ కంప్యూటింగ్ లేబొరేటరీలో ఒక యంత్రం మెమరీలో. మిమ్మల్ని రాసినవాడు గావిన్ లోవ్. నడిపిస్తున్నది ఎఫ్‌డీఆర్ అనే ప్రోగ్రామ్. మీకు అప్పజెప్పిన పని ఒక్కటే: అవతల ఉన్నది ఆలిసేనని బాబ్‌ను నమ్మించాలి. 1978లో అచ్చయిన ఒక ప్రోటోకాల్ ఆ పని అసాధ్యమంటోంది. ఈ 17 ఏళ్లలో అది తప్పని ఎవరూ చూపించలేదు.

ముందు ఇక్కడి మర్యాదలు తెలుసుకోండి. ఆలిస్ ఒక సందేశం పలకబోతోంది. పుచ్చుకోవడానికి అవతల ఎవరూ సిద్ధంగా లేరు. ఏమవుతుంది? ఏమీ కాదు. ఆమె అలాగే నిలబడిపోతుంది. పంపేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఇద్దరూ సిద్ధమైనప్పుడే, ఇద్దరికీ ఒకే సంఘటనగా సందేశం జరుగుతుంది. మధ్యలో ఎక్కడా నిలవ ఉండదు. ఈ నియమం పెట్టింది టోనీ హోర్. బెల్‌ఫాస్ట్ నుంచి 1977లో ఆక్స్‌ఫర్డ్ వచ్చిన ఆయన మరుసటి ఏడాది ఆగస్టులో ప్రచురించిన వ్యాసం పేరే ఈ భాషకు నిలిచిపోయింది: కమ్యూనికేటింగ్ సీక్వెన్షియల్ ప్రాసెసెస్, పొట్టిగా సీఎస్‌పీ. అప్పటికది ప్రోగ్రాములు రాసే భాషకు ప్రతిపాదన మాత్రమే. స్టీఫెన్ బ్రూక్స్, బిల్ రాస్కోలతో కలిసి హోర్ 1984లో దానికి గణితం కట్టారు. 1985లో పుస్తకం వచ్చింది. అందులో మొదట్లో కనిపించేది చాక్లెట్లు అమ్మే యంత్రం. నాణెం, ఆ తర్వాత చాక్లెట్, ఆ తర్వాత మళ్లీ అదే యంత్రం. సమీకరణానికి ఎడమ పక్కా అదే పేరు, కుడి పక్క చివరా అదే పేరు. బీజగణితంలో అలవాటైన ‘ఎక్స్’ అక్కడ సంఖ్య కాదు, ఒక ప్రవర్తన.

నిలవ లేని లోకంలో నెట్‌వర్క్ ఎక్కడుంటుంది? తీగల్లో నిలిచే సందేశాలు, ఆలస్యంగా చేరేవి, దారి తప్పేవి, రెండుసార్లు వచ్చేవి, వీటి సంగతేంటి? వాటికి కూడా ఎవరో ఒకరు ప్రాసెస్ రాయాలి. మీ విషయంలో జరిగింది అదే. నెట్‌వర్క్‌లో జరగగల ప్రతి అన్యాయాన్నీ మీ మీదే వేశారు. సందేశం పోతే మీరు మింగినట్టు. రెండుసార్లు వస్తే మీరు మళ్లీ పలికినట్టు. దొంగనూ దారినీ ఒకే ప్రాసెస్‌గా రాయడం ఈ లెక్కలో నాకు చాలా నచ్చిన సంగతి. అతి చెడ్డ నెట్‌వర్క్‌లోనే నిలబడ్డ ప్రోటోకాల్ మామూలు నెట్‌వర్క్‌లో ఎలాగూ నిలబడుతుంది.

ఇక తాళాల సంగతి. ఒక పెట్టె, దానికో కప్ప అనుకోండి. బాబ్ కప్పలు ఎవరికి కావాలన్నా దొరుకుతాయి. పెట్టెలో ఏదైనా పెట్టి బాబ్ కప్ప నొక్కేస్తే, ఇక దాన్ని తెరిచేది బాబ్ దగ్గరున్న తాళంచెవి ఒక్కటే. నొక్కినవాళ్లు కూడా తెరవలేరు. ఆలిస్‌కూ ఒక కప్ప, ఒక చెవి ఉన్నాయి. తాళం పగలగొట్టే శక్తి మీకు లేదు. ఆ విషయంలో లోవ్ ఏ బేరానికీ ఒప్పుకోడు. గూఢలిపి గట్టిదేనని ముందే ఒప్పుకుని, సందేశాల వరసలో లొసుగు ఉందా అని మాత్రమే చూస్తున్నాడు.

ఇప్పుడు కదలకుండా నిలబడి, ఆలిస్, బాబ్ నిజాయతీగా మాట్లాడుకోవడం చూడండి. ఆలిస్ ఈ పూటకోసమే ఒక కొత్త సంఖ్య పుట్టించింది. ఎవరూ ఊహించలేనిది. దాన్నీ తన పేరునూ పెట్టెలో పెట్టి బాబ్ కప్ప నొక్కింది. బాబ్ తెరిచాడు, తనూ ఒక కొత్త సంఖ్య పుట్టించాడు. రెండు సంఖ్యలూ కలిపి ఆలిస్ కప్పతో తిరిగి పంపాడు. తన సంఖ్య తిరిగొచ్చింది కాబట్టి అవతల ఉన్నది బాబేనని ఆలిస్ తేల్చుకుంది, ఎందుకంటే మొదటి పెట్టెను ఇంకెవరూ తెరవలేరు. ఇప్పుడు బాబ్ సంఖ్యను బాబ్ కప్పతో తిరిగి పంపింది. తన సంఖ్య తిరిగొచ్చింది కాబట్టి అవతల ఉన్నది ఆలిసేనని బాబ్ తేల్చుకున్నాడు. మూడు పెట్టెలతో పని పూర్తి. అసలు ప్రోటోకాల్‌లో ఏడు సందేశాలు. మిగతా నాలుగూ సర్వర్ దగ్గర కప్పలు తెచ్చుకోవడానికి. వాటిని పక్కన పెట్టాం.

జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రం నుంచి రోజర్ నీధమ్, మైఖేల్ ష్రోడర్ రాసిన వ్యాసంలోది ఈ ప్రోటోకాల్. ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రిక 1978 డిసెంబర్ సంచికలో వచ్చింది. హోర్ వ్యాసమూ అదే పత్రికలో, అదే ఏడాది ఆగస్టులో. వేర్వేరు చోట్లున్న కంప్యూటర్లకు ఉమ్మడి ‘ఇప్పుడు’ లేదని, ముందు వెనకలే ఉంటాయని లెస్లీ లాంపోర్ట్ చెప్పింది అదే ఏడాది జులైలో. కప్పా చెవీ వేరుగా ఉండే పద్ధతిని చేసి చూపిన ఆర్ఎస్ఏ వ్యాసం ఫిబ్రవరిలో. ఆలిస్, బాబ్ అన్న పేర్లు వచ్చిందీ అందులోనే. మిమ్మల్ని పుట్టించడానికి కావలసిన సరుకు చాలావరకు ఒకే ఏడాది సంచికల్లో పక్కపక్కనే ఉంది. ఆగస్టు సంచికలోని భాషలో డిసెంబర్ సంచికలోని ప్రోటోకాల్‌ను రాసి పరీక్షించడానికి మాత్రం 17 ఏళ్లు పట్టింది.

సరే, మీ వంతు. మీకు తెలిసినవన్నీ ఒక సమితిలో ఉన్నాయి: అందరి పేర్లు, అందరి కప్పలు, మీ సొంత కప్ప, మీ సొంత చెవి, మీరు పుట్టించిన ఒక సంఖ్య. ఏది విన్నా అది సమితిలో చేరుతుంది. సమితిలో ఉన్నవాటితో ఏ పెట్టె కట్టగలిగితే ఆ పెట్టె మీరు పలకొచ్చు. కట్టలేనిది పలకలేరు.

మొదటి ప్రయత్నం. ఆలిస్ బాబ్‌కు పంపిన పెట్టెను పట్టుకోండి. తెరవలేరు. అలాగే దాచి మళ్లీ బాబ్ ముందు పెట్టండి. అతను జవాబు పలికాడు, కానీ అది ఆలిస్ కప్పతో. తెరవలేరు. ఆఖరి పెట్టె కట్టాలంటే లోపల ఉన్న బాబ్ సంఖ్య కావాలి. అది మీ సమితిలో లేదు. దారి మూసుకుపోయింది.

వెనక్కి రండి. ఎఫ్‌డీఆర్ మిమ్మల్ని మునుపటి స్థితికి తెచ్చి ఇంకో దారి చూపిస్తుంది. ఆలిస్ పేరుతో మీరే ఒక పెట్టె కట్టి, లోపల మీ సంఖ్య పెట్టి బాబ్‌కు పంపండి. అతను మీ సంఖ్యనూ తన సంఖ్యనూ ఆలిస్ కప్పతో పంపాడు. దాన్ని ఆలిస్ ముందు పెట్టి చూడండి. లోపల ఉన్నది తన సంఖ్య కాదు. ఆమె పట్టించుకోదు. మూసుకుపోయింది. ఇంకో దారి. అదీ మూసుకుపోయింది. అన్ని చోట్లా అదే నిశ్చల స్థితి. ఏ సంఘటనా జరగలేని ఈ స్థితికి హోర్ పెట్టిన పేరు స్టాప్. ఈ లోకంలో చావు అంటే అదే.

విసుగొస్తోందా? ఎఫ్‌డీఆర్‌కు రాదు. దానికి ఏ దారి తెలివైందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అన్నీ నడిచి చూస్తుంది. అన్నీ అంటే ఎన్ని? చెరో పది అడుగులు వేసే ప్రాసెస్‌లు రెండుంటే, వాటి అడుగులు ఒకదానితో ఒకటి కలిసిపోయే వరసలు 1,84,756. మూడో ప్రాసెస్ కూడా పది అడుగులతో చేరితే ఐదున్నర లక్షల కోట్లు దాటుతాయి. నాలుగోది చేర్చకండి. మనిషి కాగితం మీద ఇలాంటి లెక్క చేసి, ‘అన్నీ చూశాను, లొసుగు లేదు’ అంటే నమ్మబుద్ధి కాకపోవడం అందుకే. యంత్రం కూడా వరసలన్నీ విడివిడిగా లెక్కపెట్టదు. వేర్వేరు వరసలు చేర్చిన స్థితి ఒకటే అయితే, దాన్ని ఒక్కసారే చూసి వదిలేస్తుంది.

ఇన్ని దారుల్లో ఏది నేరమో ఎఫ్‌డీఆర్ ఎలా గుర్తుపడుతుంది? న్యాయమేదో దానికి ఇంకో ప్రాసెస్‌గా రాసిచ్చారు. ‘నేను బాబ్‌తో మొదలుపెట్టాను’ అని ఆలిస్ పలకడం ఒక సంఘటన. ‘నేను ఆలిస్‌తో ముగించాను’ అని బాబ్ పలకడం ఇంకో సంఘటన. మొదటిది జరిగాకే రెండోది జరగాలి. ఈ నియమాన్ని మీరు ప్రాసెస్ రూపంలో ఉన్న న్యాయమూర్తి అనుకోనక్కర్లేదు. అది ఒప్పుకునే జాడల సమితి ఒకటి ఉంటుంది, మీ ముగ్గురి నుంచీ పుట్టగల జాడల సమితి ఇంకొకటి. రెండోది మొదటిదానికి ఉపసమితి అయితే ప్రోటోకాల్ క్షేమం. హైస్కూల్లో నేర్చుకున్న ఉపసమితే, ఇంకేం లేదు. ఉపసమితి కాకపోతే, బయటపడ్డ ఆ ఒక్క జాడను ఎఫ్‌డీఆర్ అచ్చుగుద్ది చేతిలో పెడుతుంది.

మళ్లీ మొదటి స్థితి. ఈసారి ఆలిస్ కొత్త సంఖ్య పుట్టించి పెట్టె మీకు పంపింది.

ఆగండి. బాబ్‌కు కాదు, మీకే. పొరపాటున కాదు, మోసపోయీ కాదు. మీ పేరు మీద, మీ కప్పతో. మీకూ కప్ప ఉంది కదా. ఈ నెట్‌వర్క్‌లో మీరూ ఖాతా ఉన్న సభ్యులే. మీతో మాట్లాడాలని ఆమెకు అనిపించింది, అంతే.

మీ చెవితో తెరవండి. ఆలిస్ సంఖ్య, ఆలిస్ పేరు. రెండూ మీ సమితిలో చేరాయి. ఇప్పుడు అవే రెండింటినీ కొత్త పెట్టెలో పెట్టి బాబ్ కప్ప నొక్కండి. బాబ్ ముందు పెట్టండి. అతను తెరిచాడు. ఆలిస్ పిలుస్తోందనుకున్నాడు. తన సంఖ్య పుట్టించి, రెండు సంఖ్యలూ ఆలిస్ కప్పతో పంపాడు. మీ చేతికొచ్చింది. తెరవలేరు. ఇందాక ఇక్కడే ఆగిపోయారు.

ఇప్పుడు ఆగనక్కర్లేదు. మీ దగ్గర నుంచి ఆలిస్ ఎదురుచూస్తున్నది ఏమిటి? తన కప్పతో మూసిన పెట్టె. లోపల తన సంఖ్య, దాని పక్కన అవతలివాళ్ల సంఖ్య. మీ చేతిలో ఉన్నది అచ్చంగా అదే. దాన్ని ముట్టుకోకుండా ఆమెకు అందించండి. ఆమె తెరిచింది. తన సంఖ్య సరిపోయింది. పక్కనున్న రెండో సంఖ్య మీదే అనుకుంది. నియమం ప్రకారం దాన్ని తిరిగి మీకు పంపింది, మీ కప్పతో.

తెరవండి. బాబ్ సంఖ్య.

తెరవలేని పెట్టెను ఆలిస్ చేతే తెరిపించారు. ఆమె ఒక్క నియమం కూడా తప్పలేదు. ఇక బాబ్ సంఖ్యను బాబ్ కప్పతో పంపడం ఒక్కటే మిగిలింది. పంపండి. ‘నేను ఆలిస్‌తో ముగించాను’ అని బాబ్ పలికాడు. ఆలిస్ అతనితో మొదలే పెట్టలేదు. జాడ నియమం ఒప్పుకునే సమితి దాటి బయటికొచ్చింది. ఎఫ్‌డీఆర్ ఆగింది. బాబ్ ఒక బ్యాంకు అనుకుంటే, ‘నా ఖాతా నుంచి ఐకి డబ్బు పంపండి’ అని ఆలిస్ పేరు మీద మీరిప్పుడు రాయగలరు. అదే ఆలిస్ మాట అనుకోవడానికి బ్యాంకుకు కావలసిన రెండు సంఖ్యలూ మీ దగ్గరున్నాయి.

మొత్తం ఆరు సందేశాలు. చదవడానికి రెండు నిమిషాలు. మరి 17 ఏళ్లు ఎవరికీ ఎందుకు తట్టలేదు? 1989లో మైకేల్ బరోస్, మార్టిన్ అబాదీ, నీధమ్ కలిసి ఇలాంటి ప్రోటోకాల్‌లను తూచడానికి ఒక తర్కం తయారుచేశారు. ఈ ప్రోటోకాల్‌ను కూడా దానితో తూచారు. ఈ దాడి అందులో బయటపడలేదు. తర్కం తప్పు చేయలేదు. అడిగినదానికే జవాబు చెప్పింది. 1978 నాటి ఆలోచనలో దొంగ బయటివాడు. కప్పా చెవీ ఉన్న సభ్యుడు నియమం తప్పడని అనుకున్నారు; పరిశోధన కేంద్రంలో తెలిసినవాళ్ల మధ్య కంప్యూటర్లు కలుపుకుంటున్న రోజుల్లో అలా అనుకోవడం వింతేమీ కాదు. డానీ డోలెవ్, ఆండ్రూ యావో 1983లోనే చొరబాటుదారును సభ్యుడిగా కూడా ఊహించి రాశారు. కాబట్టి నా లెక్కలో ఈ దాడికి ఎక్కువ ఘనత ఎఫ్‌డీఆర్ వేగానికి దక్కదు. మీకు సొంత చెవి ఇచ్చిన ఆ ఒక్క పంక్తికి దక్కుతుంది. ఆ పంక్తి కొట్టేసి మళ్లీ నడిపితే మీరు ఎన్ని దారులు తిరిగినా స్టాప్ దగ్గరే తేలతారు. ప్రోటోకాల్ క్షేమమని యంత్రం నిజాయతీగానే చెబుతుంది.

లోవ్ దిద్దుబాటు ఒక్క మాట. బాబ్ పంపే పెట్టెలో రెండు సంఖ్యలతో పాటు బాబ్ పేరు కూడా ఉండాలి. కావాలంటే మళ్లీ నడిచి చూడండి. ఆలిస్ మీకు పంపింది, మీరు తెరిచారు, బాబ్‌కు పంపారు, బాబ్ జవాబిచ్చాడు, దాన్ని ముట్టుకోకుండా ఆలిస్‌కు అందించారు. ఆమె తెరిచింది. లోపల బాబ్ అని ఉంది. ఆమె మాట్లాడుతున్నది మీతో. ఆగిపోయింది. పేరు చెరిపి మీ పేరు రాద్దామంటే పెట్టె తెరవాలి, తెరవలేరు. పక్కదారులన్నీ ఎఫ్‌డీఆర్ నడిచి చూసింది. అన్నీ స్టాప్.

ఇక్కడ జాగ్రత్తగల పాఠకుడు ఒక ప్రశ్న అడుగుతాడు. యంత్రం చూసింది ఒక్క ఆలిస్‌ను, ఒక్క బాబ్‌ను, ఒక్కసారి మాట్లాడుకున్నప్పుడు. లోకంలో లక్షలమంది ఉంటారు, ఒకేసారి వందలమందితో మాట్లాడతారు. అక్కడ కొత్త దారి ఉండదని ఏమిటి నమ్మకం? ఆ పని యంత్రం చేయలేదు, లోవ్ చేతిరాతతో చేశాడు. ఈ చిన్న వ్యవస్థలో దాడి లేకపోతే ఎంత పెద్ద వ్యవస్థలోనూ ఉండదని ఈ ప్రోటోకాల్‌కు ఒక నిరూపణ రాశాడు. దాడి సంగతి 1995లో ఒక చిన్న వ్యాసంగా, ఎఫ్‌డీఆర్ నడకా నిరూపణా 1996లో ఇంకో వ్యాసంగా అచ్చయ్యాయి. దిద్దిన ప్రోటోకాల్‌ను అప్పటినుంచి నీధమ్–ష్రోడర్–లోవ్ అంటున్నారు.

ఆక్స్‌ఫర్డ్ వదిలి బయటికి రండి. మీకు పని పెరిగింది. ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ 1980లోనే ఇలాంటి ఇంకో గణితం రాశాడు. జోచిమ్ పారో, డేవిడ్ వాకర్‌లతో కలిసి 1992లో దాన్ని పై కాల్క్యులస్‌గా పెంచాడు. అందులో మాట్లాడే దారి పేరునే సందేశంగా పంపొచ్చు. నిన్నటిదాకా మీకు లేని దారి ఇవాళ చేతికందొచ్చు. దానికి తాళం కప్పలు చేర్చిన భాషల్లో ఒకటి బ్రూనో బ్లాంషే తయారుచేసిన ప్రోవెరిఫ్ చదువుతుంది. టామరిన్ అనేది ఇంకో సాధనం. రెండింటిలోనూ చొరబాటుదారుగా మీరే ఉంటారు, అవే హక్కులు, అదే సమితి. ఇప్పుడు ఆలిస్, బాబ్ ఒక్కసారే కాక, ఎన్నిసార్లైనా మాట్లాడుకోవచ్చు.

బ్రౌజర్ బ్యాంకు సైటు తెరిచేటప్పుడు నడిచే టీఎల్ఎస్ ప్రోటోకాల్ కొత్త రూపాన్ని రాస్తున్నవాళ్లు 1978 పద్ధతిలో అచ్చేసి, తర్వాత లొసుగుల కోసం ఎదురుచూడలేదు. ముసాయిదాలు ఇంకా దిద్దుతుండగానే పరిశోధకులు మిమ్మల్ని వాటి మీదికి వదిలారు. 2016లో టామరిన్‌తో చూసినవాళ్లకు, అప్పుడు ప్రతిపాదనలో ఉన్న ఒక చేర్పును అలాగే ఒప్పుకుంటే చొరబాటుదారు వినియోగదారు వేషంలో సర్వర్‌ను నమ్మించగలడని తేలింది. దాన్ని సరిచేశారు. టీఎల్ఎస్ 1.3 తుది రూపం 2018 ఆగస్టులో వెలువడింది.